కండె పోగులు

సోలాపూర్‌లో అశోక్ చౌక్ దాటి తూర్పు పేటల్లోకి వెళ్తే ఊరు కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. రేకుల షెడ్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు. ఆ మోతలో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. పెంచిన గొంతు తెలుగుది, మధ్యమధ్య ఓ మరాఠీ మాట పేక పోగులా దూరి వెళ్లిపోతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపుల నుంచి తరాల కిందట వచ్చిన పద్మశాలీల పేటలివి. 1877లో ఇక్కడ పెద్ద బట్టల మిల్లు పుట్టింది, పోయింది కూడా. మిగిలినవి ఈ షెడ్లు, భౌగోళిక గుర్తింపు పొందిన చాదర్లు, టవళ్లు, పక్కింటి అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు. నాకు ఈ అధ్యాయానికి కావలసింది వీటన్నిటిలోకి చిన్న వస్తువు ఒకటి: కండె.

నేతపని తెలియనివారి కోసం ఒక మాట. నాడెలో పెట్టే చిన్న పుల్ల, దానికి చుట్టిన పేక నూలు, రెండూ కలిపి కండె. రెండు కొసలూ సన్నం, నడుమ ఉబ్బు. నాడె ఇటూ అటూ పరిగెడుతుంటే కండె మీది నూలు విప్పుకుంటూ పడుగు పోగుల మధ్య పరుచుకుంటుంది. చేతిమగ్గాల కాలంలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం ఇంట్లో ఆడవాళ్ల పని, పిల్లల పని.

ఇదే మాట ఇంటర్ జీవశాస్త్రం పుస్తకంలో కనిపిస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల ఏర్పడే సన్నని తీగల అమరికను తెలుగులో కండె అన్నారు, ఆ తీగల్ని కండె పోగులు అన్నారు. స్పిండిల్ అన్న ఇంగ్లీషు మాటకు నిఘంటువులో చూస్తే కదురు దొరుకుతుంది. కానీ కండె అన్నవాళ్లు మగ్గం చూసినవాళ్లే అయివుండాలి, ఎందుకంటే సూక్ష్మదర్శినిలో కనిపించే ఆకారం అచ్చం అదే. రెండు కొసలు సన్నం, నడుమ ఉబ్బు.

నేతతో ఈ శాస్త్రానికున్న చుట్టరికం ఇక్కడితో ఆగదు. 1882లో కీల్ నగరంలో వాల్టర్ ఫ్లెమింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త సాలమాండర్ పిల్లల కణాలకు రంగులద్ది చూసి, కేంద్రకంలో దారాల్లాంటివి కనబడటం, అవి నిలువునా చీలి రెండు వైపులకు పోవడం వివరంగా రాశాడు. ఆ పనికి మైటోసిస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో మైటోస్ అంటే దారం, మగ్గం దగ్గర మాట్లాడితే పడుగు పోగు. కణజాలాన్ని చదివే శాస్త్రం హిస్టాలజీ, అందులోని హిస్టోస్ అంటే మగ్గం, దాని మీద నేసిన బట్ట. ఇంగ్లీషువాళ్ల టిష్యూ కూడా ఫ్రెంచిలో ‘నేసినది’ అనే మాటే. మనం ‘జాలం’ అని వలను పట్టుకున్నాం. అదీ అల్లికే కదా.

ఇప్పుడు ఆ దారాల పని. మనిషి కణంలో 46 క్రోమోజోములు. చీలే ముందు ప్రతిదానికీ జంట తయారవుతుంది. కేంద్రకం పొర కరిగిపోతుంది. కండె పోగులు రెండు కొసల నుంచీ వచ్చి క్రోమోజోములను పట్టుకుని నడుమ గీతలో నిలబెడతాయి, ఆ తర్వాత చెరో వైపు లాగేస్తాయి. మన ఇళ్ల ముందు పెరిగే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు చేసేది ఈ పోగులు తయారు కాకుండా చూడటం. కణం సగంలో ఇరుక్కుపోతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇంకా ముందే అడ్డుపడ్డాడు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ క్రోమోజోములకు జంట తయారు కానివ్వదు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకాన్సర్ పిల్లలకిచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గడం చూశాడు.

అంటే కాన్సర్ వైద్యంలో సగం గొడవ ఈ చీలిక చుట్టూనే. కణితిలో ఎన్ని కణాలు చీలుతున్నాయో తెలిస్తే అది ఎంత దూకుడుగా ఉందో తెలుస్తుంది. రొమ్ము కాన్సర్‌కు 1957లో బ్లూమ్, రిచర్డ్‌సన్ ఒక మార్కుల పద్ధతి ప్రచురించారు. 1991లో నాటింగ్‌హామ్‌లో ఎల్‌స్టన్, ఎల్లిస్ దాన్ని సరిదిద్దారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నది అదే. కణాలు గొట్టాల్లా అమరి ఉన్నాయా, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, చీలేవి ఎన్ని అన్న మూడు అంశాలకూ 1 నుంచి 3 దాకా మార్కులు. మొత్తం 5 దాకా అయితే గ్రేడ్ 1, 6 లేదా 7 అయితే గ్రేడ్ 2, 8 లేదా 9 అయితే గ్రేడ్ 3. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ ప్రమాదం.

లెక్కపెట్టేది సూక్ష్మదర్శిని పెద్ద కటకం కింద 10 వృత్తాల్లో. ఒక్కో వృత్తం అడ్డుకొలత అర మిల్లీమీటరు అయితే, పదింటిలో కలిపి చీలే కణాలు 7 దాకా ఉంటే 1 మార్కు, 8 నుంచి 14 అయితే 2, 15 లేదా అంతకు మించితే 3. ఒక మహిళ కణితికి మొదటి రెండు అంశాల్లో 3, 2 వచ్చాయనుకుందాం. చీలే కణాలు 14 దొరికితే మొత్తం 7, గ్రేడ్ 2. పదిహేనోది దొరికితే మొత్తం 8, గ్రేడ్ 3. కీమోథెరపీ ఇవ్వాలా వద్దా అన్న ఆలోచనలో గ్రేడ్ కూడా ఒక తూకం రాయి. ఆ పదిహేనో కణాన్ని ఒక డాక్టరు చూస్తాడు, మరో డాక్టరు ‘అది చీలేది కాదు, చచ్చేది’ అంటాడు.

ఇద్దరూ నిజాయితీపరులే. చిక్కు కణంలో ఉంది. కణం రోజంతా తయారై సుమారు ఒక గంట మాత్రమే చీలుతుంది. శస్త్రచికిత్సలో తీసిన ముక్క ఫార్మలిన్‌లో పడిన క్షణాన ఎవరు ఏ భంగిమలో ఉంటే అలాగే బిగుసుకుపోతారు. నడుమ గీతలో నిలబడ్డ క్రోమోజోములు పక్క నుంచి చూస్తే నల్లని కడ్డీలా ఉంటాయి, పై నుంచి చూస్తే ముద్దలా, కొన్నిసార్లు ఉంగరంలా. చచ్చిపోతున్న కణం కేంద్రకం కూడా ముడుచుకుని నల్లటి ముద్ద అవుతుంది. నలిగిన కణమూ అంతే, రంగు ఎక్కువ పట్టిన కణమూ అంతే. ఇక కాన్సర్ కణాలు సరిగ్గా కూడా చీలవు. మూడు వైపులకు లాగుతాయి, ఒక వైపు ఎక్కువ ఇంకో వైపు తక్కువ పంచుతాయి. 1890లోనే హాన్‌సెమాన్ అనే శాస్త్రవేత్త ఈ వంకర పంపకాలను గమనించాడు. కాబట్టి పుస్తకంలోని బొమ్మను గుర్తుపెట్టుకుని కూర్చుంటే పని జరగదు.

ఇక రంగు సంగతి. సోలాపూర్ రంగుల కార్ఖానాల్లో పనిచేసినవాళ్లకు ఈ భాగం చెప్పనక్కర్లేదు, వాళ్లే నాకు చెప్పాలి. కణితి ముక్కను మైనంలో బిగించి, మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు కోసి, గాజుపలక మీద పరిచి రంగు వేస్తారు. రంగు లేకపోతే కనిపించేది నీళ్లలో నీడ. కేంద్రకానికి వేసే హిమటాక్సిలిన్ మెక్సికో వైపు పెరిగే లాగ్‌వుడ్ చెట్టు చేవ నుంచి వస్తుంది. శతాబ్దాలపాటు యూరప్‌లో ఉన్నికి, పట్టుకు నలుపు, ఊదా అద్దింది ఈ చెట్టే. ఒట్టిగా వేస్తే నిలవదు. 1865లో బోమర్ అనే శాస్త్రవేత్త దానికి పటిక కలిపాడు, కేంద్రకాలు నీలంగా తేలాయి. నూలుకు రంగు పట్టించేందుకు మన అద్దకంవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నది అదే పటిక. రెండో రంగు గులాబీ రంగు ఇయోసిన్. 1870లలో జర్మన్ రంగుల పరిశ్రమ బట్టల కోసం తయారుచేసిన సరుకు. కాన్సర్ నిర్ధారణ ఈ రోజుకీ ఈ రెండు బట్టల రంగుల మీదే నడుస్తోంది. పెథాలజీ ల్యాబ్ ఒక చిన్న అద్దకం ఇల్లు అంటే అతిశయోక్తి కాదు.

అద్దకం ఇంట్లో ఉన్న బాధే ఇక్కడా ఉంది. ఒక లాట్ షేడ్ మరో లాట్‌తో కలవదు. నీరు మారితే, వేడి మారితే, నానిన నిమిషాలు మారితే నీలం ఊదా అవుతుంది, గులాబీ ఇటుక రంగు అవుతుంది. మనిషి కన్ను సర్దుకుంటుంది. ఇటుక రంగు స్లైడైనా ఊదా రంగు స్లైడైనా ‘ఆఁ, ఇది కేంద్రకం’ అనుకుంటుంది. ఈ లెక్కను కంప్యూటర్‌కు అప్పగిస్తే ఆ యంత్రం సర్దుకుంటుందా అన్నది మళ్లీ చూద్దాం.

యంత్రం సంగతికొస్తే, సోలాపూర్ చాదర్ మీద నెమలి ఎలా వస్తుందో తెలిసినవారికి సగం తెలిసినట్టే. 1804లో లియాన్‌లో జకార్డ్ తయారుచేసిన యంత్రం ఇప్పటికీ మగ్గం నెత్తిన కూర్చుని ఉంది. డిజైన్ గీసేవాడు గళ్ల కాగితం మీద గళ్లు నింపుతాడు. దాన్నిబట్టి అట్టకు చిల్లు పడుతుంది. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. వేలాది అట్టల మాల తిరిగితే నెమలి. ప్రతి చిల్లునూ ఒక మనిషి ముందే ఆలోచించి కొట్టాడు. చీలే కణాల్ని కంప్యూటర్‌తో పట్టించాలని మొదట్లో చూసినవాళ్లు ఇదే దారిన వెళ్లారు. ఇంత నలుపు, ఇంత వైశాల్యం, అంచు ఇంత గరుకు అంటూ నియమాలు రాశారు. కడ్డీలా ఉన్నది దొరికింది, ఉంగరంలా ఉన్నది జారిపోయింది.

తర్వాత వచ్చిన డీప్ లెర్నింగ్ అనే పద్ధతిలో అట్టకు చిల్లులు ఎవరూ కొట్టరు. చిల్లు బదులు కుళాయి అనుకోండి, కొంచెం తిప్పొచ్చు, ఎక్కువ తిప్పొచ్చు. అలాంటి కుళాయిలు లక్షలు, పొరలు పొరలుగా. మొదట ఎలా పడితే అలా తిప్పి ఉంటాయి. ఒక బొమ్మ ముక్క లోపలికి వెళ్తుంది, చివర ‘చీలేది’ అనో ‘కాదు’ అనో జవాబు వస్తుంది. తప్పైతే, ఆ తప్పులో ఏ కుళాయి వాటా ఎంతో లెక్కకట్టి ఒక్కోదాన్ని రవ్వంత సవరిస్తారు. మళ్లీ బొమ్మ, మళ్లీ సవరణ, లక్షల సార్లు. నేసిన బట్టను చూపిస్తూ పోతే అట్టలు వాటంతట అవే చిల్లులు తెరుచుకోవడం లాంటిది. మొదటి పొరలు అంచుల్ని, మచ్చల్ని పట్టుకుంటాయి, లోపలి పొరలు ‘వెంట్రుకల్లాంటి అంచున్న నల్ల ముద్ద’ వంటి వాటిని. ఆ మాటలు మనవి. దానికి ఉన్నవి అంకెలే.

ఈ పద్ధతి చీలే కణాల మీద తొలిసారి గట్టిగా గెలిచింది 2012లో, ఒక అంతర్జాతీయ పోటీలో. స్విట్జర్లాండ్‌లోని ఇడ్సియా సంస్థ నుంచి డాన్ చిరెషాన్, అలెస్సాండ్రో జుస్తి, లూకా గాంబర్డెల్లా, యుర్గెన్ ష్మిడ్‌హూబర్. వాళ్ల కుళాయిల అల్లిక, దాన్ని జాలం అందాం, ఒకసారికి 101 పిక్సెళ్ల చదరాన్ని చూసేది, గాజుపలక మీద అది సుమారు 25 మైక్రాన్లు. నాకు నచ్చిన తెలివి మరొకటి ఉంది. కణితిలో చీలని కణాలే అంతటా ఉంటాయి, వాటిలో చాలావరకు చూడగానే తెలిసిపోతాయి. వాటినే చూపిస్తూ కూర్చుంటే యంత్రం ఏమీ నేర్చుకోదు. అందుకని ముందు ఒక జాలాన్ని తయారుచేసి, అది ఎక్కడెక్కడ మోసపోతోందో ఏరి, ఆ మోసపు కణాలతో అసలు జాలానికి తర్ఫీదు ఇచ్చారు. షెడ్డులో కొత్త కుర్రాడికి మేస్త్రీ మంచి బట్ట చూపించడు, తను మోసపోయిన బట్ట చూపిస్తాడు. అదే పద్ధతి.

పరీక్షకు పెట్టిన బొమ్మల్లో చీలే కణాలు 100. ఆ జాలం 70 పట్టుకుంది, 9 తప్పుడువి పట్టుకుంది, 30 వదిలేసింది. రెండు రకాల తప్పుల్నీ కలిపి ఇచ్చే మార్కు 0.78. మిగతా జట్లన్నీ వెనకబడ్డాయి. మరుసటి ఏడాది ఉట్రెక్ట్ వైద్యశాల ఇంకో పోటీ పెట్టింది, 23 మంది రోగుల నుంచి తీసిన కష్టమైన బొమ్మలతో. గెలిచింది మళ్లీ ఇడ్సియానే, కానీ మార్కు 0.61. జట్టు అదే, పద్ధతి అదే, రోగులు పెరగగానే మార్కు పడిపోయింది. ఈ రెండో అంకెను ఎవరూ పెద్ద అక్షరాల్లో వేసుకోరు. నాకు మాత్రం మొదటిదానికంటే అదే ఎక్కువ చెప్పింది.

ఎందుకు పడిపోతుందో సూటిగా పరీక్షించినది 2021లో జరిగిన మిడాగ్ పోటీ. గాజుపలకల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే స్కానర్లు వేర్వేరు కంపెనీలవి, ఒక్కోదాని కన్ను ఒక్కో రకం. తర్ఫీదు కొన్ని స్కానర్ల బొమ్మలతో ఇచ్చి, పరీక్షలో అది ఎన్నడూ చూడని స్కానర్ల బొమ్మలు కూడా కలిపారు. లాట్ మారితే షేడ్ మారినట్టే మారింది. రంగుకు మోసపోకుండా ఉండాలని జట్లు తర్ఫీదులోనే బొమ్మల రంగుల్ని కావాలని చెడగొట్టాయి, కొంచెం నీలం పెంచి, కొంచెం గులాబీ తగ్గించి. గెలిచిన పద్ధతికి 0.748 వచ్చింది. అదే పని చేసిన ఆరుగురు నిపుణులకంటే అది ఎక్కువ. రెండేళ్లకు అదే బృందం ఏడు రకాల మనుషుల, జంతువుల కణితులకు చెందిన 503 నమూనాల్లో 11,937 చీలే కణాలకు గుర్తులు పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చని విడుదల చేసింది. అందులోని మనుషుల స్లైడ్లు యూరప్‌వి. మన ల్యాబుల రంగు వేరు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి, ట్రిపుల్ ఐటీ కలిసి 367 మంది రోగుల మెదడు కణితుల స్లైడ్లు 547 బహిరంగంగా పెట్టడం వెనక ఉన్న అవసరం ఇదే. అవి చీలే కణాల లెక్క కోసమే పెట్టినవి కావు. కానీ మన అద్దకం ఎలా ఉంటుందో యంత్రానికి చూపించాలంటే మొదలు ఇలాంటిచోటే.

సోలాపూర్ జిల్లాకు ఈ విషయంలో ఒక పాత గౌరవం ఉంది. పేటల నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో బార్శీ. అక్కడ నర్గిస్ దత్ స్మారక కాన్సర్ ఆస్పత్రి. 1987లో అక్కడ మొదలైన కాన్సర్ రిజిస్ట్రీ దేశంలో పల్లెల కోసం పెట్టిన మొదటిది. 346 ఊళ్లలో ఎవరికి కాన్సర్ వచ్చిందో రాసుకునేది. పల్లెలో మనిషి గడ్డ పట్టుకుని ఆస్పత్రికి రాడని తెలిసి, వాళ్ల మనుషులే ఊరూరూ తిరిగి అడిగేవారు. ఆ అనుభవం మీదే పక్కనున్న అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది ఆడవాళ్లతో గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్షల అధ్యయనం జరిగింది. జీవితంలో ఒక్కసారి చేసిన వైరస్ పరీక్షతో ఆ కాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది. లెక్కపెట్టడం అంటే ఏమిటో ఈ జిల్లాకు తెలుసు, దానికి ఎంత నడవాలో కూడా.

అందుకే యంత్రం గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందు సీసా గుర్తొస్తుంది. చిన్న ఊళ్లో నర్సింగ్ హోమ్‌లో గడ్డ తీశారు. ఫార్మలిన్ అయిపోయింది, లేదా సీసా చిన్నది, లేదా ముక్క కొయ్యకుండా అలాగే వేశారు, నడుమ దాకా మందు ఇంకలేదు. బస్సెక్కి ల్యాబ్‌కు చేరేసరికి లోపలి కణాలు కుళ్లు పట్టాయి. చీలుతున్నవి ముడుచుకుపోయి చచ్చినవాటిలా కనిపిస్తాయి. లెక్క తగ్గుతుంది, గ్రేడ్ తగ్గుతుంది, మందు తగ్గుతుంది. కోట్ల కుళాయిలున్న జాలమైనా ఆ స్లైడులో లేనిదాన్ని తేలేదు. నూలు నానిపోయాక మగ్గాన్ని తిట్టి లాభం లేదు.

సీసా సరిగా ఉంది, అద్దకం బాగుంది, స్కానర్ మంచిది అనుకుందాం. అప్పుడు మిగిలే ప్రశ్నే అసలుది. చీలేది ఇదీ అని యంత్రానికి ఎవరు చెప్పారు?

ఒక దారి రసాయనానిది. చీలే సమయంలో హిస్టోన్ హెచ్3 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ అతుక్కుంటుంది. దాన్ని మాత్రమే పట్టే ప్రతిదేహంతో రంగు వేస్తే చీలే కణాలు గోధుమ రంగులో వేరుగా తేలతాయి. 2018లో నెదర్లాండ్స్ బృందం ఒకటి ఆ రంగు వేసి, ఆ జవాబుల్ని మామూలు రంగు స్లైడుకు చేర్చి యంత్రానికి నేర్పింది. బాగుంది, కానీ ఖరీదు. పైగా ఆ గోధుమ రంగు ఇంకా చీలడం మొదలుపెట్టని కొన్ని కణాలకూ అంటుతుంది. కాబట్టి చివరికి కన్నే దిక్కు.

మిడాగ్ గుర్తులు ఎలా పెట్టారో చూడండి. నిపుణులు ముందు చీలేవాటినీ వాటిలా కనిపించేవాటినీ ఏరారు. మనిషి కన్ను దాటేసినవాటిని ఒక యంత్రం ఏరి తెచ్చింది. ఏరిన ప్రతి కణాన్నీ చిన్న చదరంగా కత్తిరించి, ఒకరి జవాబు ఇంకొకరికి తెలియకుండా ఇద్దరు నిపుణులకు చూపించారు. ఇద్దరూ ఒకే మాట అంటే సరే, కలవకపోతే మూడో మనిషి.

అలాంటి ఒక చదరం తీసుకుందాం. నడుమ నల్లని ముద్ద. ఒక అంచు నునుపు, ఇంకో అంచున రెండు మూడు పోగులు లేచినట్టున్నాయి. చుట్టూ ఉన్న గులాబీ రంగు కొంచెం ముదురు. మొదటి డాక్టరు పోగుల్ని చూసి చీలేది అన్నాడు. రెండో డాక్టరు ముదురు గులాబీని చూసి చచ్చేది అంది. మూడో డాక్టరు దగ్గరికి తెచ్చి చూసి, వెనక్కి జరిపి చూసి, చీలేది అన్నాడు. పట్టికలో ‘చీలేది’ అని ఎక్కింది. తర్ఫీదులో ఆ చదరం రాగానే జాలం చచ్చేది అని జవాబిచ్చింది, తప్పు అని కుళాయిలన్నీ రవ్వంత తిరిగాయి.